లైఫ్‌జాకెట్టుకి దాలయ్య వేసిన ముడి

ఆ గురువారం పొద్దున్న ఉదయ్‌కుమార్ పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదిన్నరకి లైసెన్సు ఆఫీసరు దేవీప్రసాద్ వస్తాడు, ఆరు తెడ్డు పడవలూ పది లైఫ్‌జాకెట్లూ లెక్క చూసుకుంటాడు, సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. పదింటికల్లా ఇంటికెళ్ళి పెసరట్టు తినాలి. అచ్యుతాపురం ఫ్యాక్టరీలో నిక్షేపంలాంటి ఉద్యోగం వదిలేసి, భీమిలి రోడ్డు పక్కన చిన్న బీచిలో కయాకింగ్ పెట్టుకున్నవాడికి ఆ సంతకమే ఊపిరి. పాత లైసెన్సుకి ఆ సాయంత్రంతో కాలం చెల్లిపోతుంది.

పడవలకేం, రాళ్ళలా ఉన్నాయి. దిగులంతా జాకెట్లదే. ఉప్పుగాలికి వాటి ప్లాస్టిక్కు క్లిప్పులు అప్పడాల్లా విరిగిపోయి ఎనిమిది నెలలైంది. కొత్తవి వచ్చే వారం తెప్పిద్దాం, వచ్చే వారం తెప్పిద్దాం అంటూ ముప్పైనాలుగు వారాలు నెట్టుకొచ్చాడు. ఇన్నాళ్ళూ ఎవరూ మునగలేదంటే అది ఇతగాడి గొప్ప కాదు, సముద్రం దయ. చివరికి ముందురోజు సాయంత్రం లైఫ్‌గార్డు దాలయ్య, నలభై ఏళ్ళు వేటకెళ్ళిన చేతులు కదా, వలతాడు పట్టుకొచ్చి పది జాకెట్లూ ఒక్కోటి ఒక్కో తాడుతో కుట్టేసి, ఛాతీ మీద ముడి పడేలా చేసి పెట్టాడు.

"ఊడిపోదు కదా మావా?"

"ఊడిపోడమేటి బాబూ! ఈ ముడితో తిమింగలాన్ని కట్టీసినావంటే, అది పెళ్ళాం బిడ్డల్ని పిలిపించుకుని ఈ ఒడ్డునే కాపరం పెట్టీసుకుంతాది. తడిసేకొద్దీ బిగుస్తాది."

ఆ చివరి మాట ఉదయ్‌కుమార్ చెవిన పడింది గానీ బుర్రకెక్కలేదు.

దేవీప్రసాద్ మహా నిక్కచ్చి మనిషి. జాకెట్టు తనే తొడుక్కుని చూడకుండా పాసు చెయ్యనన్నాడు. దాలయ్య ముడి బిగించాడు. ఆయన మోకాలి లోతు దాకా దిగాడో లేదో, ఒక కెరటం వచ్చి పడగొట్టింది. మరుక్షణం నూనెలో పూరీలాగా పొంగి పైకి తేలాడు.

"జాకెట్టు భేషుగ్గా ఉందయ్యా," అన్నాడు ఒడ్డెక్కి, నీళ్ళు కక్కుతూ. "ఇక విప్పండి. పదకొండింటికి పెద్దసారు మీటింగుంది."

దాలయ్య గోళ్ళతో పీకాడు. పళ్ళతో పీకాడు. ముడి కాస్తా చింతపిక్కంత అయింది. చేపల తట్టతో అటొచ్చిన దాలయ్య భార్య మహాలక్ష్మమ్మ తలా ఒక చెయ్యి వెయ్యమని, కొబ్బరినూనె పోసి జాకెట్టు తలమీంచి లాగించింది. అది చెవుల దాకా వచ్చి ఆగిపోయింది.

"ఓలమ్మో, సెవులూడిపోతన్నాయర్రా, ఒగ్గీండి!" అంది మళ్ళీ తనే.

"కత్తి తెండి!" లోపల్నించి ఆఫీసరు కేక.

"కోత్తే జాకెట్టు రెండు సెక్కలైపోద్ది బాబూ. అంతా ఒకటే తాడు," అన్నాడు దాలయ్య.

జాకెట్టు మళ్ళీ భుజాల మీదికి దించాక, తల బయటపడగానే దేవీప్రసాద్‌కి నిబంధన గుర్తొచ్చింది. "జాకెట్టు పాడైతే తొమ్మిదే మిగుల్తాయి. పదికి తగ్గితే లైసెన్సు లేదు. మీ ఇష్టం, కొయ్యమంటే కోయించుకుంటాను."

కోస్తే లైసెన్సు పోతుంది. కొయ్యకపోతే ఈయన ఇదే వేషంతో పెద్దసారు ముందు నిలబడతాడు, అప్పుడూ పోతుంది. ఉదయ్‌కుమార్ దాలయ్య వైపు తిరిగాడు.

"మావా, ఇది ఇంకెలాగా ఊడదా?"

"ఆరితే దానంతటదే వదులౌద్ది."

అంతే, ఆఫీసర్ని స్కూటరెక్కించి, గాలికి ఆరతాడని జోరుగా తోలాడు. సాగర్‌నగర్ దాటారు, వాన అందుకుంది. ఆఫీసు మెట్లెక్కేసరికి దేవీప్రసాద్‌కి గాలి అందుతోంది గానీ మాట పెగలడంలేదు. ఉదయ్‌కుమార్ వరండాలో కూలబడి, ఫ్యాక్టరీలో పాత సూపర్‌వైజరు కాళ్ళు ఏ వైపు నుంచి పట్టుకోవాలో ఆలోచిస్తున్నాడు.

అరగంటకి పెద్దసారే బయటికొచ్చాడు. "ఏడాదిగా భద్రత భద్రత అని అరుస్తున్నాం. ఒంటిమీద వేసుకొచ్చిన మనిషి ఈయనొక్కడే! నేను లాగినా ఊడలేదు. పొగిడితే కిక్కురుమనలేదు, ఎంత వినయం!"

పక్కన దేవీప్రసాద్ చేపలా నోరు తెరిచి మూస్తున్నాడు.

లైసెన్సు మీద సంతకం అక్కడికక్కడే పడింది. బీచికి ఆఫీసు జీపు కూడా అప్పుడే బయల్దేరింది. పది జాకెట్లూ ఇకమీదట ఆఫీసులో నమూనాలట. దాలయ్య జిల్లా తీరమంతా తిరిగి గార్డులకి ముడి నేర్పాలట.

సాయంత్రం బీచికొస్తే మహాలక్ష్మమ్మ ఎదురొచ్చింది. "కాయితం వచ్చినాదేటి బాబూ?"

"వచ్చింది అత్తా."

"మరా మొకమేటి, పీనుగ మొకంలా?"

అతను కాగితం మీది మొదటి షరతు చదివి వినిపించాడు. జాకెట్లూ గార్డూ లేకుండా పడవ నీళ్ళలోకి దింపరాదు.

"ఆ రెండూ ఇందాకే జీపెక్కీసినాయి కదా!" అందామె.

అప్పటికప్పుడు కొత్త జాకెట్లకి ఆర్డరు పెట్టాడు, పాపం, మంచి క్లిప్పులతో. అవి ఊరు చేరేలోపు, దాలయ్య ముడి లేని జాకెట్టు చెల్లదని ఉత్తర్వు చేరింది. దాలయ్య ఏ తీరాన ఉన్నాడో పెళ్ళానికే తెలియదు. బోర్లించిన ఆరు పడవల మీదా ఆవిడ చేపలు ఎండేసుకుంటోంది.

ఏడాది తిరిగేసరికి, ఒక్క ప్రమాదమూ జరగని బోటింగ్ కేంద్రమని ఉదయ్‌కుమార్‌కి షీల్డు ఇచ్చారు.