బోల్టన్‌లో మళ్ళీ ఆడారు

శనివారం పొద్దున అద్దం ముందు టై కట్టుకుంటున్నప్పుడు వీరభద్రరావు గారి పథకం చాలా చిన్నది. మూడింటికి పరాయి దేశంలో తాముంటున్న కనాటా ఊరి కమ్యూనిటీ హాల్లో 1901 నాటి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ కప్పు ఫైనల్ గురించి మాట్లాడాలి, అంతే. భార్య పోయిన ఈ మూడేళ్ళలో ఈ రిటైర్డ్ ప్రొఫెసర్ మొదలుపెట్టిన మాటను చివరిదాకా విన్నవాళ్ళు లేరు. ఈ ఒక్కసారైనా వినాలి.

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో కబురు పెట్టగానే నూటనలభై దణ్ణం బొమ్మలు వచ్చాయి. ఆయన మురిసిపోయి నూటనలభై కర్రీ పఫ్‌లు తెప్పించారు.

మూడున్నరకు హాల్లో ఉన్నది పక్కింటి వాసంతి ఒక్కతే.

"నూటనలభై మంది వస్తామన్నారమ్మా. ఏరీ?"

"దణ్ణం పెట్టారు అంకుల్. వస్తామనలేదు."

"మరి దణ్ణం దేనికి?"

"మెసేజ్ చూశాం, ఇక వదిలేయండి అని. మొన్న ఎవరో పాత సోఫా అమ్ముతామన్నా పెట్టారు."

ఆయన ముఖం కందగడ్డలా అయింది. వాసంతి కుర్చీ జరిపి, ఫ్లాస్కులోంచి వేడి టీ పోసిచ్చింది. టీ దిగింది గానీ కోపం దిగలేదు. ఫోన్ తీసి గ్రూపులో రాశారు: "నూటనలభై పఫ్‌లు ఇక్కడ చల్లారిపోతున్నాయి. సిగ్గుంటే ఒక్కరూ రావద్దు."

"అది పంపకండి అంకుల్."

పంపేశారు.

చదివినవాళ్ళందరూ మొదటి వాక్యం దగ్గరే ఆగారు. అరగంటలో పార్కింగ్ నిండింది. అందరి చేతుల్లోనూ ఖాళీ ఐస్‌క్రీమ్ డబ్బాలే.

"స్పీచ్ అయిపోయిందా అంకుల్?" కోటు విప్పకుండానే ఆశగా అడిగాడు కిరీటి అనే ఇంజనీరు.

వీరభద్రరావు గారు ట్రేలన్నీ వంటగదిలో పెట్టించి, తాళం వేసి, చెవి జేబులో వేసుకున్నారు.

"అవలేదు నాయనా. కూర్చో."

ఒక్కరూ లేచి వెళ్ళలేదు. క్రిస్టల్ ప్యాలెస్ మైదానంలో లక్షకు పైగా జనం, టాటెన్‌హామ్, షెఫీల్డ్ యునైటెడ్ జట్లు, గీత దాటిందో లేదో తేలని గోలు, అన్నీ వచ్చాయి. యాభై నిమిషాలకు కిరీటి చెయ్యెత్తాడు.

"గెలిచిందెవరో చెప్పేయండి అంకుల్."

"డ్రా. వారం తర్వాత బోల్టన్‌లో మళ్ళీ ఆడారు."

హాలంతా మూలిగింది. ఆయన నెమ్మదిగా నీళ్ళు తాగి, కొత్త కాగితాల కట్ట విప్పారు.

"జనం విరగబడి వస్తారని బోల్టన్‌వాళ్ళు గుట్టలుగా మన పఫ్‌ల్లాంటి మాంసం పైలు చేసి పెట్టుకున్నారు. జనం రాలేదు. ఎందుకు రాలేదో వివరంగా చూద్దాం."

ఆరింటికి వంటగది తాళం తీసేసరికి వీరభద్రరావు గారిలో కోపం చుక్కయినా మిగల్లేదు. మొత్తం హాల్లోవాళ్ళకు పంచేశారు.