గున్నమ్మ అడగలేదని ధ్రువపత్రం

నాకు ఈ లోకంలో అన్నిటికన్నా ఎక్కువ భయం రెండు అనే అంకె. పాముకి మంత్రముంది, జ్వరానికి మాత్ర ఉంది. మా అప్పు మా నికర విలువకి రెండింతలు దాటిన రోజున మాత్రం బ్యాంకువాళ్ళు పదహారు లక్షలూ ఒక్కసారే కట్టమంటారు. కట్టలేకపోతే మా బెల్లం క్రషర్ పట్టుకుపోతారు. ఇది నేను పుట్టించిన మాట కాదు. లోను పత్రం ఇరవై రెండో పేజీలో, ఆవగింజంత అక్షరాల్లో, ఏడో షరతుగా రాసి ఉంది. దేశం రాజ్యాంగం మీద నడుస్తుందంటారు. చోడవరంలో మా ఇల్లు ఏడో షరతు మీద నడుస్తుంది.

షరతు చాలా న్యాయమైనది. మనకున్నదంతా లెక్కవేసి, అందులోంచి అప్పు తీసేస్తే మిగిలేది నికర విలువ. (తొమ్మిదితో చదువు ఆగిపోయిన నాకు ఇది అర్థమవడానికి మూడు నెలలు పట్టింది. ఇంటర్ చదివిన మా ఆయన శివాజీకి ఇంకా పడుతూనే ఉంది.) ఏటా మార్చి ముప్పై ఒకటిన అప్పుని ఆ విలువతో భాగిస్తారు. లోను ఇచ్చిన రోజున ఒకటి పాయింట్ ఏడు ఎనిమిది వచ్చింది. మంచి మార్కులొచ్చినట్టు శివాజీ వీధంతా మిఠాయి పంచాడు.

మొదటి ఏడే తప్పు జరిగింది. చేసింది పంచాంగం. మా వైపు బెల్లం దిమ్మలు అనకాపల్లి షావుకారు దగ్గర నోటిమాట మీద దించేసి వస్తారు. ఉగాదికి ముందొచ్చే కొత్తమావాస్య వెళ్ళాక ఆయన డబ్బిస్తాడు. కాగితం అడిగితే ఆయన మనసు నొచ్చుకుంటుంది కనుక ఎవరూ అడగరు. ఆ ఏడు కొత్తమావాస్య ఏప్రిల్లో వచ్చింది. బ్యాంకు సంవత్సరం దానికోసం ఆగలేదు.

నిష్పత్తి పర్యవేక్షణాధికారి ఉదయ్‌కుమార్ గారు (అలాంటి పదవి ఉందని ఆయన చెప్పాకే తెలిసింది) బండి దిగి, ఖాళీ కొట్టుని ఫొటో తీసి, పాకం పెనాలు లెక్కపెట్టి, ఫోనులో నొక్కి చూసి, "రెండు పాయింట్ రెండు ఎనిమిది" అన్నారు.

"బెల్లం ఉంది సార్. తాతబ్బాయి షావుకారి దగ్గరుంది. రెండు లక్షలది" అన్నాడు శివాజీ.

"బిల్లుందా?"

"బిల్లేటి సార్? ఆయన మాటే బిల్లు."

"మాటని ఏ కాలమ్‌లో వెయ్యమంటారు?"

శివాజీ నిజంగానే ఆలోచించాడు. (పనిలో పనిగా మా పాపని ఏ కాలమ్‌లో వేస్తారని నేనడిగాను. 'ఆధారపడినవారు' అన్నారు. అది ఖర్చు వైపు ఉంటుందట.)

అరుగు మీద పాపకి అన్నం పెడుతున్న మా అత్త గున్నమ్మ, ఎడం చేత్తో మెడలోని బంగారు నాను తీసింది. మూడు తులాలు.

"ఇదట్టుకెళ్ళి అమ్మీసి, ఆ కాలమ్ ఏదో నింపీరా."

"అమ్మా, మీరు అప్పుగా ఇస్తే అప్పు పెరుగుతుంది. పెట్టుబడిగా ఇస్తే విలువ పెరుగుతుంది" అన్నారు ఉదయ్‌కుమార్ గారు.

"తేడా ఏటి బాబూ?"

"అప్పయితే తిరిగి అడుగుతారు. పెట్టుబడయితే అడగరు."

"ముప్పై ఏళ్ళు ఆడికి కూడెట్టేను. ఎప్పుడైనా తిరిగి అడిగేనా?"

"అదే రాతపూర్వకంగా కావాలి."

లోను తీరేవరకు, అనగా ఐదేళ్ళు, గున్నమ్మ అను నేను నా సొమ్ము తిరిగి అడగను అని రాసిన కాగితం మీద అత్త వేలిముద్ర వేసింది. మేం బతికాం. అమావాస్య వెళ్ళాక తాతబ్బాయి షావుకారు ధర పడిపోయిందని లక్షా ఇరవై వేలిచ్చాడు. అత్త అడిగిన నిమిషంలో నాను అమ్మిన సొమ్ము పెట్టుబడి కాలమ్ నుంచి అప్పు కాలమ్‌కి దూకుతుంది, నిష్పత్తి మళ్ళీ రెండు దాటుతుంది.

కనుక మూడు నెలలకోసారి మేం 'అడగలేదని ధ్రువపత్రం' ఇవ్వాలి. అందులో మూడు ప్రశ్నలు. నేరుగా అడిగారా? సూచనప్రాయంగా అడిగారా? పెళ్ళిళ్ళకి వెళ్ళినప్పుడు ఖాళీ మెడ తడుముకున్నారా? సాక్షి సంతకం నాది. దాంతోపాటు యాప్‌లో అత్త వీడియో పెట్టాలి. "అడగనేదు బాబూ" అని చెప్పి రెండుసార్లు కళ్ళు ఆర్పాలి. ఒకసారే ఆర్పితే అడిగినట్టు లెక్క.

ఈమధ్య అత్తకి నాలుగడుగులు వేస్తే ఆయాసం వస్తోంది. విశాఖపట్నంలో డాక్టరు గుండె పరీక్షలు చేయించాలి, ముప్పై వేలు దగ్గర పెట్టుకోండి అన్నారు. ఇంట్లో డబ్బు లేదా అంటే ఉంది. అది నికర విలువ. దాన్ని ముట్టుకుంటే లెక్క చెప్పాలి.

ఆ మర్నాడు అన్నాల దగ్గర అత్త "ఒరే శివాజీ" అని మొదలెట్టింది. ఆయన చేతిలో ముద్ద ఆగిపోయింది. నేను పాపని దగ్గరికి లాక్కున్నాను. అత్త మా ఇద్దరి మొహాలూ చూసింది.

"ఏటి నేదురా. మజ్జిగున్నాదా?"

నేను అబద్ధం సంతకం పెట్టేదాన్ని కాను. రెండో ప్రశ్నకి 'మజ్జిగ' అని రాశాను. ఉదయ్‌కుమార్ గారు ఫోన్ చేసి మజ్జిగ విలువెంత అని అడిగారు.

ఆ ఫోను అత్త విన్నది. సాయంత్రానికి సంచీ సర్దుకుంది. "నానిక్కడుంటే ఏదో ఓటి నోరు జారిపోద్ది. సిన్నదాని దగ్గరుంటాను. దాని కాడ నాకు సంతకాల్లేవు" అని బుచ్చయ్యపేటలో ఉన్న మా ఆడపడుచు నూకరత్నం ఇంటికి ఆటో ఎక్కేసింది. బ్యాంకు దీన్ని 'ముందుజాగ్రత్త చర్య'గా నమోదు చేసి మెచ్చుకుంది. శివాజీ ఆ రోజు పాకం మాడ్చేశాడు.

పద్నాలుగు రోజులైంది. అత్త ఫోను ఎత్తడం లేదు. వరసగా రెండుసార్లు చేస్తే నూకరత్నం ఎత్తి, "పడుకుంది వదినా" అని పెట్టేస్తోంది.

చదివేవాళ్ళలో బుచ్చయ్యపేట వైపు వెళ్ళేవాళ్ళెవరైనా ఉంటే, నూకరత్నం ఇంటి ముందు ఒక్కసారి బండి ఆపండి. గున్నమ్మ లేచి తిరుగుతోందో లేదో, ఊపిరి ఎలా తీసుకుంటోందో చూసి నాకు చెప్పండి. తిన్నావా అని అడగండి, పాప కలవరిస్తోందని చెప్పండి. ఏమైనా కావాలా అని మాత్రం అడగొద్దు. కావాలని అత్త అంటే ఆ సంగతి మేం బ్యాంకుకి రాయాలి.