నవల్లోంచి లేచిపోయిన పెళ్ళి

"నేరస్థుడనేవాడు నా కంటబడి తప్పించుకోవడమన్నది ఈ ఊరి చరిత్రలోనే లేదు. అసలింతవరకూ ఒక్కడు కూడా నా కంటబడే ధైర్యం చెయ్యలేదు!"

కళ్ళజోళ్ళ షాపు కౌంటరు వెనక నిలబడి, ఒక కన్ను మూసి, రెండో కంటికి భూతద్దం ఆనించి బావ ఈ ప్రకటన చేసేసరికి, ఫ్రేము బిగించుకోవడానికి వచ్చిన పెద్దమనిషి జడుసుకుని కళ్ళజోడు అక్కడే వదిలేసి తడుముకుంటూ వీధిలోకి వెళ్ళిపోయాడు.

"మీ కంటబడలేదంటే తప్పించుకున్నట్టేగా అండీ," అంది అద్దాలు తుడుస్తున్న అక్క.

"మేధస్సు అంటువ్యాధి కాదనడానికి నువ్వే సాక్ష్యం. ఇన్నేళ్ళు కాపురం చేసినా నీకు అంటలేదు," అన్నాడు బావ.

ఊళ్ళో అందరూ ఆయన్ని 'భూతద్దం' అనే పిలుస్తారు. అమ్మేది కళ్ళజోళ్ళయినా తనది డిటెక్టివ్ పుటక అని ఆయన నమ్మకం. ఒకసారి పక్కింటాయన చెప్పులు పోతే వీధి వీధీ గాలించాడు. చివరికి అవి ఈయన కాళ్ళకే ఉన్నాయని ఆ ఇంటి కుక్క కనిపెట్టింది. "దానికి ట్రైనింగిచ్చింది నేనే," అని ఇప్పటికీ చెప్పుకుంటాడు.

ఈ గొప్పలన్నీ నోరెత్తకుండా భరించేవాడు ఆయన బావమరిది, అక్క తమ్ముడు. మందుల షాపులో పని చేస్తాడు. డాక్టర్ల రాతే చదవగలిగినవాడు ఎవరి రాతైనా చదవగలడని, పాఠకుల సంఘం వాళ్ళు తమ నవలా బహుమతికి అతన్ని కన్వీనరుగా నిలబెట్టారు. అది రచయితలూ విమర్శకులూ వేలు పెట్టని బహుమతి. మామూలు పాఠకులే కొత్త నవలలు చదివి, చివరికి కొన్నిటిని మిగిల్చి, వాటికి ర్యాంకులిస్తారు. గెలిచిన రచయితకి దక్కేది ఓ చెక్క పలకే. అయినా దానికోసం రచయితలు నిద్ర మానుకుంటారు, ఎందుకంటే పుస్తకాన్ని నిజంగా చదివి ఇచ్చే బహుమతి అదొక్కటేనని పేరు. సమావేశాలు భూతద్దం షాపు మేడ మీద గదిలో జరుగుతాయి. అదే బావమరిది ఖర్మ.

ఆ ఆదివారం మధ్యాహ్నం ర్యాంకులు విప్పారు.

"'నీడకు అద్దె'," అన్నారు సంఘం అధ్యక్షురాలు పెద్ద టీచరమ్మ. బడి నుంచి రిటైరయినా ఆవిడ గొంతు ఇంకా కాలేదు. "నా మొదటి ర్యాంకు. అలాంటి ముగింపు నేనింతవరకూ చదవలేదు."

"నాకూ అదే ఫస్టు," అన్నాడు పళ్ళ డాక్టరు.

"నాకు ఆఖరు," అన్నాడు స్కూలు వ్యాను డ్రైవరు. పిల్లల కోసం గేటు దగ్గర ఎదురుచూస్తూ సంఘం పుస్తకాలన్నీ స్టీరింగు మీద పెట్టుకుని చదివే మనిషి. "మొత్తం బాగానే ఉందండీ. ఆ ముగింపే తట్టుకోలేకపోయాను."

"ముగింపేనా! హీరో అన్నేళ్ళకి ఆ ఇంటికొచ్చి చెయ్యెత్తుతాడు. 'అతను తలుపు...' అంతే. అక్కడితో ఆపేశాడు! తట్టాడో లేదో, లోపల ఎవరున్నారో, అన్నీ మనకే వదిలేశాడు. ఆ రాత్రి నేను భోంచెయ్యలేదు."

"ఆపెయ్యడమేంటమ్మా? తలుపు తట్టాడు, ఆవిడ తీసింది, ఇద్దరికీ పెళ్ళయింది. విలన్ వచ్చి కాళ్ళ మీద పడ్డాడు. మేనమామ పాట కూడా పాడాడు."

"ఏ మేనమామ?"

"చిన్నప్పుడు తప్పిపోయిన మేనమామ!"

టీచరమ్మ కళ్ళజోడు కిందకి దించి చూశారు. "చదవకపోతే చదవలేదని చెప్పు నాయనా. కల్పించకు."

డ్రైవరు మొహం నల్లబడింది. "చిన్నప్పుడు మీ బళ్ళో హోంవర్కు ఎగ్గొట్టానండీ, ఒప్పుకుంటాను. పుస్తకం మాత్రం ఎప్పుడూ ఎగ్గొట్టలేదు," అని లేచి చక్కా పోయాడు.

బావమరిది పరుగున షెల్ఫు దగ్గరికెళ్ళి ఆ నవల కాపీలు రెండూ తీసి పక్కపక్కన పెట్టాడు. టీచరమ్మ, డాక్టరు చదివిన కాపీ 'తలుపు' అన్న మాట దగ్గర ఆగిపోయింది. తర్వాత అట్టే. డ్రైవరు చదివిన కాపీలో తలుపు తెరుచుకుంది, పెళ్ళయింది, మేనమామ పాడాడు.

"మొదటి కాపీలో చివరి పేజీలు లేవు," అన్నాడు నీరసంగా.

అతని నీరసానికి ఇంకో కారణం ఉంది. టీచరమ్మ ఉత్సాహం చూసి, ముందురోజే ఆ రచయితకి ఫోన్ చేసి "బహుమతి మీదే అనుకోండి" అని నోరు జారాడు. వచ్చే ఆదివారం సభ. రాయని ముగింపుకి బహుమతి ఎలా ఇస్తారు? మాటిచ్చాక ఇవ్వమని ఎలా అంటారు?

అప్పుడే మెట్ల మీద ధడధడమని చప్పుడైంది.

"ఎవరూ కదలొద్దు!" భూతద్దం గుమ్మంలో నిలబడ్డాడు. "ఇది హత్య! ఒక చివరి అధ్యాయం దారుణ హత్య! శవం మాయం!"

"పేజీలు ఊడాయి బావా, అంతే."

"పిచ్చి బామ్మర్దీ! పేజీలు ఊడవు. ఊడదీయబడతాయి." ఆయన కాపీ లాక్కుని ఆఖరి పేజీ మీద భూతద్దం పెట్టాడు. "ఆహా! వేలిముద్ర! బొటనవేలు. మధ్యలో చిన్న గాటు. ఈ ముద్ర నేనెక్కడో చూశాను..."

"రోజూ షాపు అద్దాల మీద చూస్తున్నాను. అది మీదే!" కింద నుంచి అక్క కేకేసింది.

భూతద్దం వినిపించుకోలేదు. గిర్రున తిరిగి పళ్ళ డాక్టరు మీదికి చూపు విసిరాడు. "డాక్టరు గారూ, మీ వృత్తి ఏమిటి?"

"తెలీదా? నెల కిందట మీ పన్ను నేనేగా..."

"సూటిగా చెప్పండి. మీ వృత్తి పీకడం! అవునా, కాదా?"

"నేను మత్తివ్వకుండా ఏదీ పీకనండీ," అన్నాడు డాక్టరు బిక్కమొహంతో.

"నవలకి మత్తెందుకు? చదివేవాళ్ళకి అదే మత్తు!" అని భూతద్దం మీసం మెలేశాడు. మీసం లేదు గనక పెదవి మెలిపడింది.

మర్నాడు బావమరిది డ్రైవరుని వెతుక్కుంటూ స్కూలు గేటు దగ్గరికి వెళ్ళాడు. ఆయన వ్యాన్లో కూర్చుని ఉన్నాడు, చేతిలో పుస్తకం లేదు.

"మీరు చెప్పిందే నిజమన్నా. రెండు కాపీలూ వేర్వేరుగా ఉన్నాయి. ఆదివారం రండి."

"నిజమని మీకు తెలిసింది సరే. టీచరమ్మ నోటివెంట ఆ మాట అనిపించుకున్నాను కదా. ఆవిడ ముందు కూర్చుని పుస్తకాల గురించి మాట్లాడుతున్నానంటే మా ఆవిడ నమ్మేది కాదు తెలుసా? ఎంత గర్వంగా ఉండేదో." ఆయన ఖాళీ స్టీరింగు వంక చూశాడు. "పేజీలు దొరకనివ్వండి, అప్పుడొస్తాను."

పేజీలు ఎక్కడ దొరుకుతాయి? బావమరిది దిగాలుగా ఇంటికొచ్చేసరికి అక్క గుమ్మంలోనే ఎదురైంది.

"మీ బావ మారువేషం వేసుకుని పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళారురా. నాకేదో భయంగా ఉంది."

భయం నిజమే అయింది. గడ్డం అతికించుకుని, నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, పరదేశి వర్తకుణ్ణంటూ భూతద్దం ఆ కుర్చీలో కూర్చున్నాడట. ఏ పన్ను నొప్పి అని డాక్టరు అడిగితే, "అనుమానాస్పదంగా ఉన్నది ఏదైనా సరే," అన్నాడట. డాక్టరు మత్తు సూది ఇచ్చాక, "నిజం చెప్పు, ఎక్కడ దాచావ్?" అని గద్దించబోయాడు. నోరు మొద్దుబారి అది "హిహం హెప్పు, హెక్కహ హాహావ్" అని బయటికొచ్చింది. దాంతో పాపం డాక్టరు, బాధకి తాళలేకపోతున్నాడనుకుని ఉన్నపళంగా పీకేశాడు. బంగారంలాంటి పన్ను.

"నేను వచ్చేస్తుంటే డాక్టరు నన్ను పేరు పెట్టి పిలిచాడు," అన్నాడు భూతద్దం బుగ్గ పట్టుకుని. "షాపు ఎవరు చూసుకుంటున్నారని కూడా అడిగాడు. నా మారువేషాన్ని ఛేదించాడంటే వాడు మామూలు నేరస్థుడు కాదురా!"

"ఆ గడ్డం తలకిందులుగా అతికించారండీ," అంది అక్క.

ఆదివారం వచ్చింది. సభకి ముందే సంఘం వాళ్ళని మేడ మీద కూర్చోబెట్టాడు భూతద్దం. డ్రైవరు రానన్నాడు గానీ, అక్క స్వయంగా వెళ్ళి, "మా ఆయన అవమానపడేటప్పుడు నలుగురూ ఉండాలి అన్నయ్యా," అని బతిమాలి తీసుకొచ్చింది. ఆయన తలుపు పక్కన, టీచరమ్మకి ఆమడ దూరంలో కూర్చున్నాడు. ఆవిడ రెండుసార్లు ఏదో అనబోయి మానుకున్నారు.

"హంతకుడు ఈ గదిలోనే ఉన్నాడు!" భూతద్దం వాచిన బుగ్గతో ప్రారంభించాడు. "తాళం వేసిన గదిలోకి ఎలా వచ్చాడు? గాలి కిటికీలోంచి!"

అందరూ పైకి చూశారు. గోడ మీద ఎత్తుగా ఓ చిన్న గాలి కిటికీ ఉంది.

"అందులో పావురం పట్టడమే కష్టం బావా."

"హంతకుడు బక్కపల్చనివాడన్నమాట. రుజువు చేస్తాను చూడు." ఆయన స్టూలెక్కాడు. అందలేదు. షెల్ఫులోంచి అన్నిటికంటే లావుపాటి పుస్తకం లాగి స్టూలు మీద వేశాడు. అది తుది పోటీకొచ్చిన మరో నవల, 'ఏడు తరాల దుమ్ము'.

"అయ్యో, పుస్తకాన్ని తొక్కుతారా!" టీచరమ్మ లేచారు.

"నిజం కోసం ఎంత ఎత్తుకైనా... ఎదుగు..."

స్టూలు అటు, పుస్తకం ఇటు, భూతద్దం మధ్యలో. ధబ్బుమని చప్పుడు. నవల నడ్డి విరిగి పేజీలు గదంతా ఎగిరాయి. అక్క పరుగెత్తుకొచ్చి మొగుణ్ణి లేవదీస్తుంటే, డ్రైవరు తన కాళ్ళ దగ్గర పడ్డ కాగితాల కట్ట తీసి చూసి నోరు తెరిచాడు.

"ఇదిగో పెళ్ళి! ఇదిగో మేనమామ! ఇవే, ఇవేనండీ!"

అందరూ మూగారు. 'అతను తలుపు' అని ఆగిన చోట పెడితే అతికినట్టు సరిపోయింది. పుస్తకాలు సంఘంలో తిరగకముందే అట్టలు గట్టిగా ఉండాలని ఈ కాపీనీ, ఒకే కాపీ ఉన్న ఆ లావుపాటి నవలనీ కలిపి బైండింగుకి ఇచ్చిన సంగతి బావమరిదికి అప్పుడు గుర్తొచ్చింది. బైండరు దగ్గర కట్టలు కలిసిపోయి, దీని పెళ్ళి వెళ్ళి దాని మధ్యలో కూర్చుంది.

"నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నా!" అన్నాడు నేలమీద నుంచి భూతద్దం.

ఎవరూ పట్టించుకోలేదు. ఎందుకంటే అందరికీ ఒకేసారి ఒక ఇబ్బందికరమైన ఆలోచన వచ్చింది. ఇంతమంది 'ఏడు తరాల దుమ్ము'కి ర్యాంకులిచ్చారే, మధ్యలో వేరే నవల పెళ్ళి జరుగుతుంటే ఒక్కరికీ అనుమానం రాలేదా?

పళ్ళ డాక్టరు దగ్గాడు. "నేను... మొదటి తరం పోయేదాకా చదివాను."

"నేను మూడో తరం దాకా," అన్నాడు బావమరిది నేలచూపులు చూస్తూ.

డ్రైవరు చెవులు ఎర్రబడ్డాయి. "రెండో తరం. అంత బరువు స్టీరింగు మీద నిలవదండీ. హారను మోగిపోతోంది."

"నేను మొత్తం చదివాను," అన్నారు టీచరమ్మ. అందరూ ఆవిడ వైపు తిరిగారు. మొట్టమొదటిసారి ఆవిడ గొంతు రిటైరయినట్టనిపించింది. "ఏడు తరాల నవల కదా, కొత్త పేర్లొస్తే ఇంకో తరం మొదలైందనుకున్నాను. పైగా... ఆ పెళ్ళి ఘట్టం చాలా బాగుందని మార్కులు కూడా వేశాను. మేనమామ పాట దగ్గర ఏడ్చాను."

డ్రైవరుకి మొదట నవ్వు ఆగలేదు. తర్వాత టీచరమ్మకీ ఆగలేదు. ఇద్దరూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. ఆవిడ ఆయన పక్క కుర్చీలోకి వచ్చి కూర్చున్నారు.

"కల్పించావన్నాను. తప్పు నాదే నాయనా."

"హోంవర్కు ఎగ్గొట్టింది ఈసారి కూడా నేనే కదండీ," అన్నాడు డ్రైవరు.

మరి ర్యాంకుల మాటేమిటి? టీచరమ్మే తేల్చేశారు. "రచయిత రాసినదానికే బహుమతి. నేను ఫస్టిచ్చింది రచయితకి కాదు, బైండరుకి. ఆ ర్యాంకు వెనక్కి తీసుకుంటున్నాను." డాక్టరు కూడా తనది తీసేసుకున్నాక లెక్క చూస్తే, అందరూ రెండో స్థానంలో పెట్టిన 'మేడ మీద మిషను' పైకొచ్చింది. సన్నటి నవల. అందరూ ఆఖరిదాకా చదివింది. అయినా ఇవాళే ప్రకటించకుండా సభ వాయిదా వేసి, ముందు లావుపాటిది పూర్తిచేసి రమ్మని ఆవిడ అందర్నీ ఆజ్ఞాపించారు.

ఇక మిగిలింది బావమరిది పని. చెమటలు కక్కుతూ 'నీడకు అద్దె' రచయితకి ఫోన్ చేశాడు. అందరూ వినేలా స్పీకరు పెట్టాడు. తను నోరు జారడం, పేజీలు పోవడం, దొరకడం, అంతా పూసగుచ్చినట్టు చెప్పాడు.

"క్షమించండి సార్. చివరి పేజీలు లేని పుస్తకం చూసి మీకు మాటిచ్చేశాను."

"ఏ మాట దగ్గర ఆగిందన్నారు?" అన్నాడు రచయిత.

"'తలుపు' దగ్గరండీ."

"నేనూ అక్కడే ఆపాను సార్," అన్నాడు రచయిత. "పెళ్ళి లేకపోతే వెయ్యనని ప్రచురణకర్త పట్టుబట్టాడు. మేనమామ ఆయన సొంత ఐడియా. బహుమతి సంగతి వదిలెయ్యండి. మీ బైండరు ఎక్కడుంటాడో కాస్త చెబుతారా? మిగతా కాపీలన్నీ పట్టుకొస్తాను."