కారుండగా నడకెందుకు?

ఆ ఆదివారం దేశ రాజధానిలో, ఆర్కే పురం సర్కారు క్వార్టర్లో ఉన్నవాళ్లం: ఆఫీసరు ఉద్యోగం చేసే రాజగోపాల్ మామయ్య, అనసూయ అత్తయ్య, సలహాలివ్వడానికి దిగివచ్చిన పై అంతస్తు ఆఫీసరు కేశవరావు అంకుల్, కోచింగ్ కోసం ఊరి నుంచి వచ్చిన నేను. వాకిట్లో ఇటుకల మీద మామయ్య సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ బండి. దాని కింద మెకానిక్ భయ్యా.

అయ్యలారా, అమ్మలారా! ఇంటికో కారుండాలని అందరూ అంటారు. అది విప్పేసి ఉండాలని నేనంటాను! నడిచే కారు ఒక్కో మనిషిని ఒక్కో చోటికి లాక్కుపోతుంది. విప్పిన కారు అందర్నీ తన చుట్టూ కూర్చోబెడుతుంది. ఐకమత్యానికి ఇంకేం కావాలి?

మా బండిలో పాడైంది పవర్ ట్రాన్స్‌ఫర్ యూనిట్. ఇంజిన్ బలంలో కొంత వెనక చక్రాలకు పంపే ఇనుప డబ్బా. అది లేకపోతే ముందు చక్రాలే బండిని లాగుతాయట. ఛీ, అదీ ఒక బతుకేనా? ఆఫీసుకూ కూరగాయల మండీకీ వెళ్లే దారిలో ఎన్ని మంచుకొండలు, ఎన్ని ఎడారులు! అందుకే మామయ్య కశ్మీరీ గేట్ స్పేర్ పార్టుల బజారంతా గాలించి కొత్తది తెచ్చారు.

బిగించడానికి స్పానర్ చాలనుకునేవాళ్లు అమాయకులు. ఆఫీసర్ల ఇంట్లో ఏకాభిప్రాయం లేనిదే బోల్టు కూడా తిరగదు.

“సాబ్, షాఫ్ట్ నహీ ఘూమ్ రహా! న్యూట్రల్ మే డాలియే!” షాఫ్ట్ తిరగడం లేదు, గేరు న్యూట్రల్‌లో పెట్టండని కింద నుంచి భయ్యా మొర.

“పార్క్‌లో ఉంటేనే సేఫ్ కదండీ!” అన్నారు అంకుల్.

“అదే నేనూ అంటున్నా. రేపేమన్నా అయితే, న్యూట్రల్‌లో పెట్టమన్నదెవరని అడగరూ?” అన్నారు మామయ్య.

ఎవరడుగుతారు? అడిగేవాళ్లు లేకపోయినా జవాబు సిద్ధంగా ఉంచుకోవడమే బాధ్యత!

అత్తయ్య పకోడీలు రెండో వాయి దించింది. చూశారా, ఎంత పండగో!

ఈ పండగలో నా స్వార్థం ఒకటి. పదకొండింటికి జియా సరాయ్‌లో కోచింగ్ ప్రవేశ పరీక్ష. ఏడాదికొక్కటే. సీటు రాకపోతే చదువు చాలించి ఇంటికి రమ్మన్నాడు నాన్న. సెంటరు నడిచిపోయేంత దూరమే.

“నడిచి వెళ్తాను మామయ్యా.” పరీక్ష ప్యాడ్ పట్టుకుని లేచాను.

“కారుండగా నడకేంటమ్మా? మేనకోడల్ని ఎండలో నడిపించాడనరూ?”

“పోనీ ఆటోలో...”

“ఇదిగో, అయిపోయింది. కూర్చో.”

కూర్చున్నాను. కారున్న ఇంటి ఆడపిల్లది ఎంత అదృష్టం! కాళ్లున్నా వాడే పనిలేదు.

ఎట్టకేలకు, తాత్కాలికంగా మాత్రమే, న్యూట్రల్‌కు ఇద్దరు ఆఫీసర్లూ సమ్మతించారు. షాఫ్ట్ తిరిగింది, యూనిట్ బిగిసింది. బయల్దేరాం.

“వెనక చక్రాలు ఎలా తోస్తున్నాయో చూడు! తెలుస్తోందా?” అన్నారు మామయ్య.

తెలుస్తోంది మామయ్యా. ప్యాడ్లు పట్టుకుని నడిచే పిల్లలు దారిలో ఒక్కరూ లేకపోవడం కూడా తెలుస్తోంది.

సెంటరు ముందు దిగి పరిగెత్తాను. గార్డు చెయ్యి అడ్డం పెట్టాడు.

“పేపర్ బట్ గయా, బేటీ. అగ్లే సాల్ ఆనా.”

పేపర్లు పంచేశారట. వచ్చే ఏడాది రావాలట. వెనక నుంచి మామయ్యే అద్దం దించి, నా తరఫున గట్టిగా చెప్పారు:

“అరే భాయ్, హమ్ గాడీ సే ఆయే హైఁ!”

కార్లో వచ్చామట! గార్డు మా బండిని ఎంతో గౌరవంగా చూసి, తలుపు వేసేశాడు.