మిక్సీ తీసుకున్న బాక్సర్

"నా ఒంట్లో ఊపిరున్నంత వరకు ఈ నగరంలో అమెచ్యూర్ బాక్సింగ్‌కు డబ్బు మరక అంటనివ్వను!"

మా బాక్సింగ్ సంఘం అధ్యక్షులు వీరరాఘవరావుగారు సంతోష్‌నగర్ ఆఫీసులో ప్రెస్‌మీట్ పెట్టి ఇలా ప్రకటించారు. ఆ వాక్యం టైపు చేసే అదృష్టం నాకు దక్కింది. ఆయన పార్టీలో పెద్ద నాయకుడు. బాక్సింగ్ ఎన్నడూ ఆడలేదు కనుక ఆటలో ఎవరిమీదా పక్షపాతం లేదు.

ప్రక్షాళన మర్నాడే మొదలైంది. బ్యాంకాక్ అమెచ్యూర్ పోటీలకు మా సంఘం నుంచి ఎంపికైన ఒకే ఒక్క బాక్సర్ కీర్తిప్రియకు నోటీసు వెళ్లింది. జహనుమా బస్తీ అమ్మాయి. తండ్రి నర్సింహ ఆటో నడుపుతాడు. ఆరేళ్లుగా రోజూ పొద్దున్నే కూతుర్ని జిమ్ దగ్గర దింపాకే మొదటి కిరాయికి వెళ్తాడు.

ఇద్దరూ వచ్చారు.

"నువ్వు ప్రొఫెషనల్‌వని ఫిర్యాదు వచ్చిందమ్మా," అన్నారు అధ్యక్షులు. "కిందటి నెల ఓ బౌట్ ఆడి మిక్సీ తీసుకున్నావట."

"అది మీ బర్త్‌డే నాడు సార్. మీరే ఆడుమన్నరు. మీరే ఇచ్చిండ్రు."

"ఇవ్వడం సేవ. తీసుకోవడం వృత్తి."

పదమూడేళ్లుగా ఆయన మాటలు టైపు చేస్తున్నాను. ఇంత చక్కటి మాట ఎప్పుడూ తగల్లేదు.

నర్సింహ సంచిలోంచి మిక్సీ తీసి బల్లమీద పెట్టాడు. "వాపస్ తీస్కోండ్రి సార్. బిడ్డను పోనియ్యుండ్రి."

కార్యదర్శి అనంతపద్మనాభంగారు జార్ మూత తీసి వాసన చూశారు. "అల్లం వెల్లుల్లి," అన్నారు గంభీరంగా. ప్రతిఫలం అనుభవించినట్టు రుజువైంది.

కీర్తిప్రియ మిక్సీని పక్కకు జరిపింది. "సరే సార్. ప్రొఫెషనల్ అంటుండ్రు గద. ఆ లైసెన్సన్న ఇయ్యుండ్రి. పైసలకే ఆడుత. బాపుకు జర ఆసరైత."

ప్రొఫెషనల్ బోర్డుకు కూడా వీరరాఘవరావుగారే చైర్మన్. నిబంధనల ప్రకారం ఆయన లేచి పక్క కుర్చీలో కూర్చున్నారు. నేను కొత్త ఫైలు తెరిచాను.

"ప్రతిఫలం తీసుకుని ఆడిన అనుభవం ఉందా?"

"మిక్సీ ఉన్నది గద సార్!"

"అది కానుకమ్మా. దాన్ని ఫీజంటే ఇచ్చినవాళ్లని అవమానించినట్టు."

"మరి నేనేంది సార్? అటు గాను, ఇటు గాను?"

"నువ్వు మన నగరానికే గర్వకారణం," అన్నారాయన తడి గొంతుతో. దరఖాస్తు తిరస్కరించి, మిక్సీని సాక్ష్యంగా బీరువాలో పెట్టించారు.

ఆమె ఏడవలేదు. మెట్లమీద నర్సింహ ఏడ్చాడు. "నడువు బాపూ," అంటూ ఆటో ఆమే నడుపుకుంటూ తీసుకెళ్లింది.

విమానం టికెట్లు ముందే కొన్నందువల్ల, నగర గౌరవం దృష్ట్యా జట్టు బయల్దేరక తప్పలేదు. మేనేజర్‌గా వీరరాఘవరావుగారు, కోచ్‌గా అనంతపద్మనాభంగారు, డైటీషియన్‌గా అధ్యక్షుల సతీమణి నాగమణిగారు. మిగిలిన సీటు ఖాళీగా పోకూడదని కోడలు మైథిలిగారు.

పది రోజుల తర్వాత ఎయిర్‌పోర్టు నుంచి సంతోష్‌నగర్ దాకా ఊరేగింపు. ఓపెన్‌టాప్ జీపు, బ్యాండు, గజమాల. ట్రాఫిక్ గంటసేపు ఆగిపోయింది. ఆగిన ఆటోల్లో ఒకదాన్ని కీర్తిప్రియ నడుపుతోంది. ప్రెస్‌నోట్లు పంచుతున్న నన్ను చూసి పిలిచింది.

"అన్నా, ఏందీ లొల్లి? ఏమైంది ఆడ?"

ఒక కాగితం ఇచ్చాను. ఆమె పైకి చదివింది: "విదేశీ గడ్డపై మన బాక్సింగ్ జట్టు ఒక్క ఓటమి కూడా లేకుండా తిరిగి వచ్చింది."

రెండోసారి చదివి నా మొహంలోకి చూసింది. "నిజమేనా అన్నా?"

"నిజమేనమ్మా," అన్నాను. "ఒక్క అక్షరం అబద్ధం లేదు."