ఆగుతూ ఆగుతూ అత్తారింటికి

ఆ ఆదివారం ఉదయం వాళ్లు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ట్రక్కు ఎక్కాలి, భోజనాల వేళకు బుజ్జి పుట్టింటి ముందు దిగాలి. లెక్కల మాస్టారికీ బుజ్జికీ పెళ్లయి ఇంకా రెండు నెలలు నిండలేదు. వాళ్లకు కాఫీ కూడా ఒక విహారయాత్రే కనుక మొదటి పనికే గంట పట్టింది.

ట్రక్కు బుజ్జి తాతగారిది. పొడుగాటి ముక్కు, గుండ్రటి కళ్లు, ఎవరినో చూసి ఆశ్చర్యపోతున్నట్టుండే పాతకాలపు బండి. సీటు వెనక ఉండే పెట్రోలు ట్యాంకు తుప్పు పట్టి చిల్లులు పడితే, మాస్టారు కొత్త ట్యాంకు కొని, వెనక తొట్టి కింద తన చేతులతోనే బిగించాడు. మామగారు బస్సు డిపోలో మెకానిక్‌గా పనిచేసి రిటైరైన మనిషి. సంగతి వినగానే ఫోనులోనే నవ్వి, ఫోనులోనే తీర్పు చెప్పాడు.

"ఆదివారం పన్నెండు లోపు తన కాళ్ల మీద తాను మా గుమ్మం ముందుకొస్తే బండి మీదే. తాడు కట్టి లాక్కొచ్చినా, తోసుకొచ్చినా తుక్కువాడిదే. వాణ్ని రమ్మని చెప్పా కూడా."

బుజ్జి ఆ తొట్టిలో వెల్లకిలా పడుకుని, మబ్బులు చూస్తూ పెరిగిన పిల్ల. తుక్కు అనే మాట వింటేనే ఆమెకు ముక్కు ఎర్రబడుతుంది.

వీధి మలుపు తిరిగి ఇస్త్రీ కొట్టు ముందుకు రాగానే ట్రక్కు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. మాస్టారు దిగి ట్యాంకు మూత తిప్పాడు. మూత "ఉస్స్" మంది. లోపల పెట్రోలు నిండుగా ఉంది. ఇస్త్రీ బాబాయి పెట్టె పక్కన పెట్టి వచ్చి, ముందు చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు.

"ఇప్పుడు తిప్పు బాబూ."

తాళం తిప్పగానే బండి గుర్రుమంది.

"చూశావా! పాతబండి మాట వినదు, కాలు వింటుంది" అంటూ బాబాయి కొట్టు తలుపు దగ్గరికి లాగి తొట్టిలోకి ఎక్కేశాడు. "దారిలో మళ్లీ తన్నాల్సి వస్తే?"

"ఏమండీ, ఆ మూత ఎందుకలా బుసకొట్టింది?" అంది బుజ్జి.

"బిగువు! వాన చుక్క కూడా దూరదు" అన్నాడు మాస్టారు గర్వంగా.

రెండోసారి బడి గోడ పక్కన ఆగింది. బాబాయి తన్నాడు. మాస్టారు తన్నాడు. బండికి ఏమీ కాలేదు గానీ మాస్టారి బొటనవేలు వాచింది.

"తన్నడమేంటి సార్, చదువుకున్నవాళ్లు!" అంటూ స్కూటర్ మెకానిక్ ఒకడు ఆగాడు. ప్లగ్గు ఊడదీసి చొక్కాకు తుడిచి బిగించాడు. పెట్రోలు మంచిదో కాదో చూద్దామని మూత తీసి వాసన చూశాడు. "ఉస్స్." బండి కదిలింది. "ప్లగ్గే సార్! పదండి, వెనకాలే వస్తా."

"అన్నా, ఆ మూత..."

"మూతలో ఏముంటుందమ్మా, నువ్వెళ్లి కూర్చో."

మూడోసారి సరిగ్గా వంతెన నడిబొడ్డున ఆగింది. వెనక బస్సు, దాని వెనక ఊరంతా హారన్లు. అదే సమయానికి మామగారి ఫోను.

"ఎక్కడున్నారు?"

"వంతెన మీద నాన్నా."

"ఆగిపోయిందా?"

"ఛ, లేదు. నీళ్లు చూస్తున్నాం" అని ఫోను పెట్టేసి బుజ్జి బావురుమంది. "పన్నెండు లోపు చేరకపోతే నాన్న ఒప్పుకోడండీ! ఇక అంతా అయిపోయినట్టే!"

బస్సులోంచి దిగిన ఒక పెద్దావిడ చెవిన ఈ మాటే పడింది. ఆవిడ బుజ్జి ఏడుపు చూసింది, పక్కన కుంటుతున్న మాస్టారిని చూసింది, కథ మొత్తం తానే అల్లేసుకుంది.

"ప్రేమ పెళ్లట! పిల్ల తండ్రి ఒప్పుకోడట! కూర్చుని చూస్తారేం, దిగండి అందరూ!"

బస్సు ఖాళీ అయింది. ఇరవైమంది ట్రక్కును పట్టుకుని జల్లెడలా కుదిపారు. పెట్రోలు ఒలికిపోయిందేమోనని మెకానిక్ మూత తీశాడు. "ఉస్స్." బండి లేచింది. వంతెన దద్దరిల్లేలా కేకలు. బస్సు రూటు అటు కాకపోయినా డ్రైవరు అటే తిప్పాడు.

పుట్టింటి వీధి ఇంకాస్త దూరం ఉందనగా నాలుగోసారి ఆగింది. బాబాయి కాలు ఎత్తాడు, మెకానిక్ చొక్కా అంచు పట్టుకున్నాడు, కుదిపేవాళ్లు చొక్కా చేతులు పైకి మడిచారు.

"ఎవ్వరూ ముట్టుకోకండి!" బుజ్జి రెండు చేతులూ చాచి అడ్డం నిలబడింది. తనే మూత తీసింది. "ఉస్స్." "ఏమండీ, ఇప్పుడు తిప్పండి."

బండి స్టార్టయింది. అందరూ నోళ్లు తెరిచారు.

"తన్నలేదు, తుడవలేదు, కుదపలేదు. నూనె డబ్బాకి ఒకటే చిల్లు పెడితే నూనె సరిగ్గా పడుతుందా? గాలికి ఇంకోటి ఉండాలి కదా! ఇంజను పెట్రోలు లాగుతోంది, ట్యాంకులోకి గాలి రావట్లేదు. మూత తీసినప్పుడల్లా పాపం ఊపిరి పీల్చుకుంటోంది."

ఇంజను ఆపించి, ఆమె తొట్టి కిందకు దూరింది. ట్యాంకు నెత్తిన వేలెడంత గాలిగొట్టం, దాని మూతికి గట్టిగా కొట్టిన రబ్బరు బిరడా.

"ఎవరండీ ఇది పెట్టింది?"

మాస్టారు వాచిన వేలి వంక చూసుకున్నాడు. "అందులోంచి పెట్రోలు వాసనొస్తుంటేనూ... నీకు తలనొప్పి వస్తుందని..."

కోపం రావాల్సిన చోట బుజ్జికి సిగ్గు ముంచుకొచ్చింది. బిరడా పీకి ఆయన జేబులో వేసింది.

ఆ తర్వాత బండి దగ్గలేదు, తుమ్మలేదు. ముందు ట్రక్కు, వెనక స్కూటరు, ఆ వెనక బస్సు, అన్నీ హారన్లు మోగిస్తూ వెళ్లి మామగారి గుమ్మం ముందు నిలిచాయి. తుక్కువాడు పక్కన ఉండగా ఆయన గడియారం చూశాడు. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుంది.

పెద్దావిడ అందరికంటే ముందు దిగింది. "ఒప్పుకోండి అన్నయ్యగారూ! ఎన్ని కష్టాలు పడి వచ్చారో!"

"మాటిచ్చాక ఒప్పుకోక చస్తానా?"

"మరి ఇన్నాళ్లూ ఎందుకు కాదన్నారు?"

"దమ్ము లేదనుకున్నానమ్మా. తుక్కుకి వేసేద్దామనుకున్నా."

ఆవిడ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "అల్లుణ్నా!"

నవ్వులు సద్దుమణిగాక మామగారు బండి కిందకు వంగి, గొట్టం చూసి లేచాడు. "జబ్బు కనిపెట్టిందెవరు?"

అందరి వేళ్లూ బుజ్జి వైపు తిరిగాయి. అన్నిటికంటే ముందు తిరిగింది మాస్టారి వేలు. మామగారు అల్లుడి చేతిలోని తాళం తీసి కూతురి చేతిలో పెట్టాడు.

"బండి నీదేరా బుజ్జీ. క్లీనరుగా ఇతన్నే ఉంచుకో. మనిషి మంచివాడు, పని కాస్త నేర్పాలి."

బస్సంతా చప్పట్లు కొట్టింది. ఏం పోగొట్టుకున్నాడో మరిచిపోయి తుక్కువాడూ కొట్టాడు. మాస్టారు పొంగిపోయి, పరుగున వెళ్లి యజమానురాలికి డ్రైవరు వైపు తలుపు తీశాడు. బుజ్జి అంత పెద్ద బండి మునుపెన్నడూ నడపలేదన్న సంగతి ఆ సంబరంలో ఎవరికీ తట్టలేదు.

తిరుగు ప్రయాణంలో ట్రక్కు ఎక్కడా ఆగలేదు; సొంత ఇంటి ముందు కూడా.