ఎనిమిదింటికి మూసే దుకాణం

ఆ మంగళవారం పొద్దున్న ఫుకుయే రెండే పనులు పెట్టుకుంది. ఒకటి, ముల్లంగి ముక్కలూ గుడ్లూ చేపముద్దలూ ఒదెన్ రసం గిన్నెలో వేసి సన్నసెగ మీద పెట్టడం. రెండోది, అవి ఉడికేలోపు ప్రభుత్వ సహాయానికి దరఖాస్తు నింపి పోస్టులో వేసి రావడం. మొదటి పనిలో ఆమెకు పందొమ్మిదేళ్ళ అనుభవం ఉంది. రెండో పనిలో బొత్తిగా లేదు. అయినా తొమ్మిది ప్రశ్నలే కదా అనుకుంది.

కరోనా రెండో శీతాకాలం అది. తినుబండారాల దుకాణాలన్నీ ఎనిమిదింటికే మూసేయాలని ఆంక్షలు పెట్టారు. అలా మూసి నష్టపోయేవాళ్ళకు ప్రభుత్వం రోజుకింతని సాయం చేస్తానంది. ఎనిమిది సీట్ల దుకాణం ఫుకుయేది. అందులో ఇప్పుడు కూర్చునేది ఎక్కువగా ఆమే. ఈ సాయం రాకపోతే మార్చి నెలాఖరుకి తాళంచెవులు ఇంటి యజమానికి అప్పగించాలి. ఆ ముక్క ఎవరితోనూ అనలేదుగానీ, గిన్నె కడిగినప్పుడల్లా ఇంకెన్నిసార్లు కడుగుతానో అనుకునేది.

ఏడో ప్రశ్న దగ్గర కలం ఒక్క క్షణం ఆగింది. "ఆంక్షలకు ముందు మీ దుకాణం ఎన్ని గంటలకు మూసేవారు?" ఫుకుయే అబద్ధమాడే మనిషి కాదు. 'ఎనిమిది' అని గుండ్రంగా రాసి, సంతకానికి బదులు తన పేరు ముద్ర వేసి, పోస్టులో పడేసి వచ్చింది. వచ్చేసరికి ముల్లంగి మెత్తగా ఉడికింది. ఇంక బెంగ లేదనుకుంది.

వారానికల్లా సహాయ కేంద్రం నుంచి ఫోను. హతానో అనే అమ్మాయి, చాలా మర్యాదగల గొంతు.

"క్షమించాలండీ. ఎనిమిది దాటాక కూడా తెరిచి ఉండే దుకాణాలకే ఈ సాయం. మీరు ఎప్పుడూ ఎనిమిదికే మూసేవారు కదా. ఇప్పుడూ ఎనిమిదికే మూస్తున్నారు. మరి మీకు నష్టం ఎక్కడండీ?"

"ఎనిమిదికే మూసేవాళ్ళమమ్మా. కానీ ఎవరూ వెళ్ళేవారు కాదు!"

"వెళ్ళకపోతే మూసినట్టు ఎలా అవుతుందండీ?"

"తెర తీసేసేవాళ్ళం కదా!"

ఆ అమ్మాయికి సంగతి బోధపడడానికి కాస్త సమయం పట్టింది. మా ఊళ్ళో గుమ్మానికి నీలిగుడ్డ తెర వేలాడితే దుకాణం తెరిచినట్టు, ఆ తెర తీసి లోపల పెడితే మూసినట్టు. ఎనిమిదికి మూసేస్తానని దుకాణం పెట్టిన రోజున ఫుకుయే వీధి సంఘానికి మాటిచ్చింది. మాటంటే మాటే. టంచనుగా ఎనిమిదికి తెర లోపలికి వచ్చేసేది. రాత్రి వరకూ తాగబోయేదానికీ తినబోయేదానికీ ఆలోపే అందరూ డబ్బు కట్టేసేవారు. ఆ తర్వాత లోపల మిగిలినవాళ్ళు కస్టమర్లు కారు, చుట్టాలు. చుట్టాల్ని పొమ్మనడం ఎక్కడుంది? పదిన్నర వరకూ ఉండేవారు, పాడేవారు. ఇప్పుడు చుట్టాల రాక పోయింది, దానితోపాటే దుకాణం బతుకూ పోతోంది.

"అర్థమైందండీ," అంది హతానో, సగమే అర్థమైనట్టు. "అయితే ఒక పని చేయండి. ఎనిమిది తర్వాత మీ దగ్గర ఉండేవాళ్ళమని ఇద్దరి చేత రాయించి, వాళ్ళ ముద్రలు వేయించి పంపండి. మళ్ళీ చూస్తాం."

ఇద్దరేం కర్మ, ఇరవైమంది ఉన్నారనుకుంది ఫుకుయే. మొదట అడిగింది ఇసోబేని. పోస్టాఫీసులో పని చేస్తాడు, మనిషి వెన్న.

"అక్కా, నీకోసం ప్రాణమిమ్మన్నా ఇస్తాను," అన్నాడు ఇసోబే ఛాతీ చరుచుకుని. "పద్నాలుగేళ్ళుగా మంగళ, శుక్రవారాలు పదిన్నర దాకా ఇక్కడే ఉన్నానని అక్షరం పొల్లుపోకుండా రాస్తాను."

రాశాడు కూడా. ముద్ర ఒక్కటే తక్కువైంది. ఇసోబే ముద్ర ఇంట్లో భార్య సొరుగులో ఉంటుంది. దేని మీద వేస్తున్నామో చదవకుండా చిజురు ముద్ర వేయదు. చదివింది. పద్నాలుగేళ్ళుగా మంగళ, శుక్రవారాలు భర్త బృందగానం ప్రాక్టీసుకి వెళ్తున్నాడని ఆవిడకి తెలుసు. తెలుసనుకుంది, పాపం.

అరగంటలో దుకాణం తలుపు జరిగింది. ముందు చిజురు, వెనక ఇసోబే. అతని తల ఏ కోటు మడతలో దూరిందో కనిపించలేదు.

"మీరేనా ఫుకుయేగారు?" అంది చిజురు. "ఈయన గొంతు పాడవకూడదని ప్రతి మంగళవారం అల్లం తేనె కలిపి ఇచ్చాను. పద్నాలుగేళ్ళు!"

"ఇక్కడ కూడా పాడేవాళ్ళమే కదే," అన్నాడు ఇసోబే నీరసంగా.

"ఏదీ, ఒకటి పాడండి."

ఇసోబే పాడాడు. రెండు పంక్తులు కాగానే చిజురు చెయ్యెత్తి ఆపేసింది. ఫుకుయే భయపడుతూ ఒక కుర్చీ తుడిచి, ఒక ముల్లంగి ముక్క గిన్నెలో వేసి ముందు పెట్టింది. చిజురు కోపం దిగమింగుకుని దుకాణమంతా కలయజూసింది. ఎనిమిది కుర్చీలు, ఒక పొయ్యి, గోడకి పాత క్యాలెండరు. ఇల్లు వదిలి రావడానికి ఇంతకీ ఇక్కడ ఏముందో ఆవిడకి అంతుపట్టలేదు. కోపం కంటే అదే ఎక్కువ తొలిచేస్తోంది. ముల్లంగి తింది. రసం తాగింది. ఇంకో ముక్క అడిగింది.

"ఏమండీ, ఇంత రుచి ఇక్కడుంటే పద్నాలుగేళ్ళు ఒక్కసారైనా పొట్లం కట్టించి తేవాలనిపించలేదా మీకు?"

అసలు నేరం అదేనని ఇసోబేకి అప్పుడు తెలిసింది. చిజురు కాగితం తీసుకుని తన తరఫున తనే రాసింది: "మంగళ, శుక్రవారాలు మా ఆయన పదిన్నరకి ముందు ఇంటికి రాలేదు. ఆయన గొంతు ఈరోజు విన్నాను కనుక ఏ బృందగానంలోనూ ఉండే అవకాశం లేదని ధ్రువీకరిస్తున్నాను." కింద ముద్ర వేసింది, ఇంకు బాగా అంటేలా నొక్కి.

అంతటితో ఆగితే బాగుండేది. మర్నాడు కూరగాయల కొట్టు దగ్గర చిజురు నోరు జారింది. స్నానశాలలో నడుము పట్టించుకుంటానని ఇంట్లో చెప్పి వెళ్ళే చాపలు నేసే ఆయన భార్యకి అనుమానం వచ్చింది. ముసలి అత్తగారికి పేపరు చదివి పెడతానని వెళ్ళే మంగలాయన భార్యకి అది అనుమానం కూడా కాదు, రూఢే; ఆ అత్తగారు చెవిటిది. వారం తిరిగేసరికి ఆరుగురు ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు వచ్చి, ఏముందో చూసి, తిని, మొగుడు రాత్రుళ్ళు ఇంట్లో ఉండేవాడు కాదని రాసి, ముద్ర వేసి వెళ్ళారు. ఫుకుయే ఇద్దరి చేత రాయించబోతే ఏడు కాగితాలయ్యాయి. వీధిలో మగవాళ్ళెవరూ ఆమె కళ్ళలోకి చూడడం లేదు.

ఆ కాగితాలు పట్టుకుని ఫుకుయే స్వయంగా సహాయ కేంద్రానికి వెళ్ళింది. హతానో ఏడూ చదివింది. మూడోది రెండుసార్లు చదివింది. మాస్కు వెనక నవ్వుతోందేమో తెలియలేదు. తర్వాత లేచి వెళ్ళి, అదే అంతస్తులో ఉన్న ఫిర్యాదుల విభాగం నుంచి ఇటుకంత మందాన ఫైలు తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఒక చిక్కుందండీ. ఎనిమిది తర్వాత గోల చేస్తున్నారని మీ దుకాణం మీద రెండువందల పన్నెండు ఫిర్యాదులొచ్చాయి. మావాళ్ళు పదకొండుసార్లు తనిఖీకి వచ్చారు. పదకొండుసార్లూ 'తెర లోపల ఉంది, దుకాణం మూసి ఉంది' అని రిపోర్టు రాశారు. ఎనిమిదికి మూసేస్తారని మా ఆఫీసే తేల్చేసిందండీ."

"లోపలికి చూశారా?"

"మూసిన దుకాణంలోకి ఎలా తొంగిచూస్తారండీ, మర్యాద కాదు కదా!"

 ఇన్నేళ్ళు ఫుకుయేని కాపాడిన తెరే ఇప్పుడు పీకకి చుట్టుకుంది. హతానోకి కూడా జాలేసింది.

"ఆ ఫిర్యాదులే నిజమని తేలితే దారి ఉందండీ. వాళ్ళ పేరు నేను చెప్పకూడదు. కానీ 'నా పడకగదికీ ఆ దుకాణానికీ మధ్య ఒకటే గోడ' అని రెండువందల పన్నెండుసార్లు రాశారు."

ఆ గోడకి అవతల ఉండేది ఒక్కరే. రిటైరైన లెక్కల మాస్టారు ఒరిటాగారు. వీధిలో ఎదురైతే తల వంచి నమస్కారం పెట్టి, వాతావరణం గురించి ఒక ముక్క అని వెళ్ళిపోయే పెద్దమనిషి. ఫుకుయే మిఠాయి పెట్టె కొనుక్కుని వెళ్ళి, ఆయన గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించింది.

"మాస్టారూ, మీరు రాసిందంతా నిజం. రోజూ పదిన్నర దాకా గోల చేశాం. మన్నించండి."

ఒరిటాగారు మిఠాయి పెట్టె వైపు చూడలేదు. గోడ పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నారు.

"ఆఫీసువాళ్ళు అక్కడెవరూ లేరన్నారమ్మా. పదకొండుసార్లు అన్నారు. మా అమ్మాయి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చెవిలో హోరుకి మందిచ్చాడు. ఆరేళ్ళు మింగాను." ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకున్నారు. "నాకే ఏదో అయిందనుకున్నాను."

ఫుకుయేకి కళ్ళనీళ్ళు తిరిగాయి. దుకాణం సంగతి ఒక్క నిమిషం మరిచిపోయింది. తెర తీసి తన మాట నిలబెట్టుకున్నానని మురిసిపోయిందేగానీ, గోడకి అవతల ఒక మనిషి తన చెవుల్నే నమ్మలేని స్థితికి వచ్చాడని ఆమెకి తట్టనే లేదు.

"మీ చెవులు బంగారం మాస్టారూ. మీరే రైటు."

"ఇంకోసారి చెప్పమ్మా."

"మీరే రైటు!"

"కాస్త గట్టిగా. ఆ ఎదురింటివాళ్ళకి వినబడాలి."

వీధి వీధంతా వినేలా చెప్పింది. ఆ తర్వాత ఒరిటాగారు అల్మారా తెరిచారు. పందొమ్మిదేళ్ళ నోటుపుస్తకాలు. తేదీ, సమయం, ఎన్ని గొంతులు, ఏ పాట, ఎవరు శ్రుతి తప్పారు, అన్నీ గళ్ళు గీసి రాసి ఉన్నాయి. శ్రుతి తప్పిన గడిలో ప్రతి మంగళ, శుక్రవారాలూ ఒకటే గుర్తు. అవన్నీ ఆయన మెడలో టై కట్టుకుని మరీ తీసుకెళ్ళి హతానో బల్ల మీద పేర్చారు. ఆఫీసులో పెద్దవాళ్ళు రెండు వారాలు తలలు పట్టుకున్నారు. చివరికి తమ పదకొండు రిపోర్టుల్నీ రద్దు చేసి, ఒరిటాగారికి క్షమాపణ ఉత్తరం పంపి, ఫుకుయేకి సాయం మంజూరు చేశారు. షరతు ఒక్కటే: ఇకపై ఎనిమిది దాటాక లోపల ఒక్క కస్టమరున్నా సాయం రద్దు. తనిఖీవాళ్ళు ఈసారి తలుపు తీసి చూడాలని కొత్త ఆర్డరు.

ఉత్తరం అందిన సాయంత్రం ఫుకుయే ఒరిటాగారిని భోజనానికి పిలిచింది. ఆయన ఆ గోడకి ఇవతలి వైపు రావడం అదే మొదటిసారి. ఇసోబే, చిజురు దూరం దూరంగా కూర్చుని తిని ఏడు ముప్పావుకే లేచారు, చేతిలో పొట్లంతో. ఒరిటాగారు మాత్రం ముల్లంగిని చిన్న చిన్న ముక్కలు చేసుకుని, ప్రతి ముక్కనీ పరీక్షగా చూసి తింటున్నారు. ఎనిమిదైంది. ఫుకుయే తెర తీసి లోపల పెట్టింది.

"మాస్టారూ, ఎనిమిదైందండీ."

"అయితే?"

"వెళ్ళాలి కదండీ."

"ఎనిమిదికి ఇక్కడి నుంచి ఎవరూ వెళ్ళరమ్మా," అన్నారాయన, ఇంకో గుడ్డు వైపు చూపిస్తూ. "నా దగ్గర లెక్కలున్నాయి."

తలుపు జరిగింది. పచ్చ చొక్కాలు తొడుక్కున్న తనిఖీవాళ్ళిద్దరు గుమ్మంలో నిలబడ్డారు. ఫుకుయే చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. ఇంత తిరిగీ, ఇంతమంది కాపురాలు కదిపీ సాధించింది ఒక్క గుడ్డుతో పోయింది.

"అయ్యా, మీరు ఇక్కడ కస్టమరా?" అని అడిగాడు ఒకడు.

ఒరిటాగారు చాలా నొచ్చుకున్నారు. "నేనా? నేను ఫిర్యాదుదారుణ్ణి!"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, 'తెర లోపల ఉంది, దుకాణం మూసి ఉంది, ఫిర్యాదుదారు భోంచేస్తున్నారు' అని రాసుకుని, మర్యాదగా తలుపు వేసి వెళ్ళిపోయారు.